పుస్తకంలో నూట యాభై రెండు

ఉదయం ఆరూ యాభైకి నేను కొండ మీది వాచ్ టవరు కిందికి చేరాను. చేరగానే చేసిన మొదటి పని దిమ్మె మీద కూలబడి చలికి వణకడం. నాకు యాభై మూడేళ్లు, నా మోకాళ్లకి ఇంకో పదేళ్లు ఎక్కువ. బీమా కంపెనీలో ఇరవై ఆరేళ్లపాటు దొంగ క్లెయిములు పట్టుకున్నాను. కాలిన గోడౌన్లు, కాలకుండానే కాలిపోయాయన్న గోడౌన్లు, రెండుసార్లు చచ్చిపోయిన మనుషులు, అన్నీ చదునైన నేల మీదే. సొంతంగా డిటెక్టివ్ బోర్డు పెట్టుకున్నాక కొండెక్కాల్సి రావడం ఇదే మొదలు.

విషయం ఇది. సోమవారం మధ్యాహ్నం రెండు గంటలకి ఒక రిటైర్డ్ భూగోళం మాస్టారు ఈ టవరు దగ్గరికి వచ్చారు. ఈ కొండ మీద పుస్తకం రాస్తున్నారాయన. పేరెలా వచ్చింది, ఏ లోయ ఎటు పోతుంది, టవరు ఎప్పుడు ఎవరు కట్టారు, అదంతా. మూడింటికి ఆయన దిగి వెళ్లిపోయారని టవరు వాచ్‌మన్ అంటున్నాడు. దిగడం ఇంకెవరూ చూడలేదు. మంగళవారం పొద్దున ఆయన గొడుగు టవరు మెట్ల కింద దొరికింది. మనిషి మాత్రం దొరకలేదు. మాస్టారిని పైనుంచి తోసేసి శవాన్ని దాచాడని పోలీసులు వాచ్‌మన్‌ని పట్టుకుపోయారు. ఇవాళ బుధవారం. మధ్యాహ్నం మూడింటికి అతన్ని కోర్టులో పెడతారు.

నన్ను పెట్టుకున్నది మాస్టారి అక్క. డెబ్భై ఆరేళ్ల మనిషి, నిటారుగా నడుస్తుంది, ఎవరినైనా నిటారుగానే తిడుతుంది. తమ్ముడి షుగరు మాత్రల డబ్బా నా ముందు బల్ల మీద పెట్టింది. ఆయన వెంట తీసుకెళ్లినవి ఒక రోజు మాత్రలు, ఒక సీసా నీళ్లు, ఒక బిస్కెట్ ప్యాకెట్.

"వాడు బతికే ఉన్నాడమ్మా. నాకు చెప్పకుండా వీధి చివరికి వెళ్లడు. చెప్పకుండా చస్తాడా?" అంది. ఆ మాట చాలా మామూలుగా అంది. చేతులు మాత్రం ఆ డబ్బా మూత పెడుతూ తీస్తూనే ఉన్నాయి. ఇంక ఎంతసేపు ఓర్చుకోగలడని అడిగింది.

కేసు చూస్తున్న ఇన్‌స్పెక్టరు నా చెల్లెలి మొగుడు. అతన్ని నేను ఇంట్లో నువ్వంటాను, కానిస్టేబుళ్ల ఎదుట మీరంటాను. ఆ మీరు అంటే అతనికి ఒళ్లు మంట. టవరు చూడ్డానికి అనుమతి అడిగితే నిన్న రాత్రి భోజనాల దగ్గర, "కందకు లేని దురద కత్తిపీటకెందుకు వదినగారూ" అన్నాడు. మా చెల్లెలు అతని కంచంలో కూర వెయ్యడం ఆపేసింది. అనుమతి వచ్చింది.

దిమ్మె మీద కూర్చుని మాస్టారి నోటుపుస్తకం తీశాను. వాళ్లక్క ఇచ్చింది. ఈ కొండ పేరు సవతుల కొండ. దానికి రెండు శిఖరాలు, తూర్పున ఒకటి, పడమర ఒకటి. మధ్య దూరం ఆరు వందల మీటర్లు. తూర్పుది వంద మీటర్లు ఎత్తెక్కువ. టవరు ఉన్నది పొట్టిదాని మీద, అంటే పడమటి శిఖరం మీద. నాకు మొదటి చిక్కు ఇక్కడే పడింది. నలుదిక్కులూ చూడ్డానికి కట్టిన టవరుని పక్కన అంత ఎత్తుది పెట్టుకుని పొట్టిదాని మీద ఎవరైనా కడతారా?

పేరు గురించి మాస్టారు మూడు కథలు రాసుకున్నారు. కొండ కింద జనం చెప్పేది మొదటిది: ఒకాయనకి ఇద్దరు పెళ్లాలు, మాటల్లేక ఎడమొహం పెడమొహంగా కూర్చుని ఇద్దరూ రాళ్లైపోయారట. పక్కన మాస్టారి ఎర్ర సిరా: "మరి మొగుడు రాయెందుకు కాలేదు?" రెండోది అటవీ శాఖ రికార్డుది: మొదట కొండ కొలిచిన అధికారికి ఇద్దరు భార్యలు కాబట్టి ఆ పేరు. పక్కన ఎర్ర సిరా: "ఆయన బ్రహ్మచారి. సర్వీసు ఫైలు చూశాను." మూడోది మాస్టారి సొంతం. ఇద్దరికీ మొగుడు సూర్యుడు. పొద్దున లేస్తూనే తూర్పున ఉన్న పెద్దావిడ ఇంటికి వెళ్తాడు, అక్కడ ముప్పావుగంట కూర్చున్నాకే పడమటి చిన్నావిడ మొహం చూస్తాడు. చిన్నావిడకి ఎండ తగిలితే పనిలోకి దిగాలని కింద పొలాల్లో లెక్క. దాని కింద రెండు గీతలు గీసి ఒక వాక్యం: "ఫొటో గోడకే ఉంది. అందరూ చూస్తారు, ఎవరికీ కనబడదు."

ఏం కనబడాలో నాకూ తెలియలేదు. నా మీదికి ఎండ ఏడూ నలభైకి వచ్చింది. ఆ టైము నా పుస్తకంలో రాసుకున్నాను. పనికొస్తుందని కాదు, ఇరవై ఆరేళ్ల అలవాటు.

కాపలా కానిస్టేబుల్ సీలు తీశాడు. నలభై ఎనిమిది మెట్లెక్కి పైగదిలోకి వెళ్లాను. నాలుగు పక్కలా అద్దాలు, ఒక మంచం, ఒక స్టూలు, అటవీ శాఖ రేంజి ఆఫీసుకి పోయే టెలిఫోను, మేకుకి వేలాడుతున్న దూరపు అద్దాలు, అదే బైనాక్యులర్లు. మధ్యలో రాతి స్తంభం మీద గుండ్రటి ఇత్తడి పళ్లెం. పళ్లెం అంచు చుట్టూ మూడు వందల అరవై గీతలు. ఉత్తరం సున్నా, తూర్పు తొంభై, దక్షిణం నూట ఎనభై. పైన అటూ ఇటూ తిరిగే బద్ద ఒకటి. పొగ కనబడితే బద్దని పొగ వైపు తిప్పి, అది ఏ గీత మీద ఆగిందో చూసి, ఆ అంకె ఫోనులో చెబుతారు. కింద రేంజి ఆఫీసు గోడకి పెద్ద మ్యాపు ఉంటుంది. అందులో టవరు గుర్తు దగ్గర ఒక గుండుసూది, దానికి దారం. గుమస్తా ఆ అంకె మీదుగా దారం లాగుతాడు. దారం పోయిన చోటికి మనుషులు పోతారు.

గోడకి ఒక ఫొటో ఉంది. కొత్త టవరు, దాని కింద ఎనిమిది మంది పెద్దమనుషులు. ఎనిమిది మందీ కనుబొమల మీద చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడ్డారు. కింద అక్షరాలు: "టవరు ప్రారంభం, ఉదయం ఏడు గంటలు." తిప్పి చూశాను, అద్దం తుడిచి చూశాను. మాస్టారికి కనబడిందేదో నాకు కనబడలేదు.

పది గంటలకి జీపు వచ్చింది. సంఘటన ఎలా జరిగిందో చేసి చూపించడానికి మా మరిది వాచ్‌మన్‌ని బేడీలతో పైకి తెచ్చాడు. వాచ్‌మన్‌ని అందరూ డేగ అంటారు. పందొమ్మిదేళ్లుగా ఇక్కడే ఉద్యోగం. ఎండకి ఎండి, గాలికి ఆరి, కట్టెలా ఉన్నాడు. గదిలోకి రాగానే అతని కళ్లు మా మీద నిలవలేదు, అద్దాల వైపు పోయాయి. నాలుగు పక్కలా ఒకసారి చూసుకున్నాకే స్టూలు మీద కూర్చున్నాడు.

నేను కాసేపు మాట్లాడతానన్నాను. పావుగంట ఇచ్చాడు మరిది. ఇచ్చి అక్కడే నిలబడ్డాడు.

సోమవారం రెండున్నరకి డేగ రోజువారీ రిపోర్టు ఫోనులో చెబుతుండగా వెనక మాస్టారు "అబద్ధం, నలభై ఏళ్లుగా అబద్ధం" అని అరవడం గుమస్తా విన్నాడు. పోలీసుల దగ్గర ఉన్న మొదటి సాక్ష్యం అది. మాస్టారు ఎవరి మీద అరిచారని అడిగాను.

"మ్యాపు మీదమ్మా" అన్నాడు డేగ. "ఆఫీసు మ్యాపుకి నకలు తెచ్చుకున్నారు. మంచం మీద పరుచుకుని దాన్ని తిట్టారు. నన్నేం అనలేదు. నాకు బిస్కెట్ కూడా పెట్టారు."

మరిది నవ్వాడు. గొడుగు సంగతి అడిగాను. దిగుడు దారి జారుతుందని మాస్టారు డేగ కర్ర తీసుకుని గొడుగు వదిలి వెళ్లారట. కర్ర ఇప్పుడు లేదు, కాబట్టి ఆ మాట నిజమో కాదో తేలదు. ఎటు వెళ్లారని అడిగితే, దక్షిణం వైపు పాత హద్దురాయి ఒకటి వెతకాలన్నారని చెప్పాడు. ఏ హద్దుకి రాయి అంటే తెలియదన్నాడు.

ఇక మిగిలింది పొగ. సోమవారం సాయంత్రం అయిదూ నలభైకి డేగకి సన్నని తెల్లపొగ కనబడింది. టవరు రోజువారీ పుస్తకంలో రాశాడు. అయిదూ యాభై రెండుకి ఫోను చేశాడు. ఆరింటికి పొగ ఆగిపోయింది. మర్నాడు మాస్టారు కనబడటం లేదని తెలిశాక, దారిలో చిక్కుకుని ఆయనే మంట పెట్టి ఉంటారని, దారం లాగిన చోట రోజంతా వెతికారు. దగ్గర్లోని రాతి క్వారీ మేనేజరు పని ఆపి మరీ ఇరవై మందిని ఇచ్చాడు. చీమ కూడా దొరకలేదు. అక్కడ మంట పెట్టిన మసి కూడా లేదు.

మా మరిది ఈ ముక్క దగ్గరికి వచ్చేసరికి తాళలేకపోయాడు. డేగ రాసిన పుస్తకం తెరిచి నా ముందు పెట్టాడు. పొగ వరసలో అంకె నూట యాభై రెండు. రేంజి ఆఫీసు ఫోను రిజిస్టరు తెరిచాడు. అదే పొగ, అదే మనిషి చెప్పింది, అంకె నూట యాభై ఆరు.

"పన్నెండు నిమిషాల్లో నాలుగు డిగ్రీలు ఎలా పెరిగింది వదినగారూ? లేని పొగకి అంకె అల్లాడు. అల్లింది రాసుకున్నాడు, రాసుకుంది మర్చిపోయి ఇంకోటి చెప్పాడు. మమ్మల్ని తప్పుడు వైపు తిప్పి, ఈలోగా శవాన్ని సర్దాడు."

నిజం చెప్పాలంటే అప్పుడు నాకూ డేగ మీద అనుమానం వచ్చింది. దొంగ క్లెయిముల్లో నేను పట్టుకున్నవన్నీ ఇలాగే దొరికాయి. ఒక కాయితం మీద ఒకటి, ఇంకో కాయితం మీద ఇంకోటి. పన్నెండు నిమిషాల ఆలస్యానికి డేగ జవాబు చెప్పగలిగాడు. మంచుతెరో పొగో తేలడానికి పది నిమిషాలు చూడాలని వాళ్లకి రూలట. అంకె తేడాకి మాత్రం అతను నా వైపు తెల్లబోయి చూశాడు. అందులో అడగడానికి ఏముందన్నట్టు చూశాడు.

"రాసేటప్పుడు చూసింది రాస్తామమ్మా. చెప్పేటప్పుడు రెండు వేళ్లు కలిపి చెబుతాం."

చెయ్యి చాచి, రెండు వేళ్లు కళ్ల ముందు అడ్డంగా పెట్టి చూపించాడు. బేడీలవల్ల రెండో చెయ్యి కూడా లేచింది. ఆ వెడల్పు సుమారు నాలుగు డిగ్రీలు. ఎందుకు కలుపుతారని అడిగాను. ఇంతకుముందు ఇక్కడ పనిచేసిన మేనమామ అలా నేర్పాడన్నాడు. కలపకపోతే మనుషులు మంట దగ్గరికి కాకుండా పక్క పొలంలోకి పోతారని చెప్పాడట. ఎందుకు పోతారో మామయ్యనీ ఎవరూ అడగలేదు, మామయ్యా చెప్పలేదు. పందొమ్మిదేళ్లుగా దక్షిణాన మైదానంలో కనబడిన ప్రతి పొగకీ రెండు వేళ్లు కలుపుతూనే ఉన్నాడు. ప్రతిసారీ మనుషులు సరిగ్గా మంట దగ్గరికే చేరారు.

పుస్తకం వెనక పేజీలు తిప్పాను. ఫోను రిజిస్టరు పక్కన పెట్టుకుని ఒక్కొక్కటే చూశాను. పోయిన నెల నూట అరవై ఒకటి, రిజిస్టరులో నూట అరవై అయిదు. అంతకుముందు నూట డెబ్భై, నూట డెబ్భై నాలుగు. రెండేళ్ల కిందటి పేజీలోనూ అదే. ఏదీ తప్పలేదు. అన్నిటికీ నాలుగే.

మరిదికి చూపించాను. చూశాడు. అతను పట్టిన కుందేలుకి మూడే కాళ్లు.

"అయితే అలవాటుగా అబద్ధం చెబుతాడన్నమాట" అన్నాడు.

"మరి ఆ అబద్ధం మీద వెళ్లినవాళ్లందరికీ మంటలెలా దొరికాయండీ?" అన్నాను.

"నన్ను అండీ అనకండి."

"కానిస్టేబుల్ ఉన్నాడని అన్నాను."

కానిస్టేబుల్ మెట్ల వైపు మొహం తిప్పుకున్నాడు. మరిది గొంతు తగ్గించి, నేను బీమా కాయితాల మధ్య బతికినదాన్ననీ, హత్య కేసంటే అచ్చుతప్పులు దిద్దడం కాదనీ, మాస్టారి అక్కకి లేని ఆశ పెట్టడం పాపమనీ చెప్పాడు. ఆఖరిది నాకు తగిలింది. ఎందుకంటే నేను ఆశ పెట్టలేదు, ఆవిడే నాకు పెట్టింది. పది నలభై అయ్యింది. నా దగ్గర ఉన్నవన్నీ ఒకదానికొకటి పొసగని ముక్కలు. పొట్టి శిఖరం మీద టవరు, తిట్లు తిన్న మ్యాపు, కారణం తెలియని రెండు వేళ్లు, చెయ్యి అడ్డం పెట్టుకున్న ఎనిమిది మంది. నా బుర్రలో అన్నీ గిరగిరా తిరుగుతున్నాయి, ఏదీ ఒక చోట ఆగడం లేదు. డేగని చూస్తే జాలేసింది, మాస్టారి అక్కని తలుచుకుంటే భయం వేసింది.

ఫొటో మళ్లీ చూశాను. ఈసారి మనుషుల్ని వదిలేసి చేతులు చూశాను. పొద్దున ఏడింటికి ఎనిమిది మందికీ ఎండ కళ్లలో పడుతోంది. అందుకే చెయ్యి అడ్డం. పొద్దున ఏడింటికి నేను ఇదే టవరు కింద కూర్చుని నీడలో వణుకుతున్నాను. నాకు ఎండ తగిలింది ఏడూ నలభైకి. సూర్యుడు ముందు పెద్దావిడ ఇంటికి వెళ్తాడు.

"డేగా, ఈ ఫొటోలో ఉన్న టవరు ఇది కాదు కదూ?" అన్నాను.

"కాదమ్మా. అది తూర్పు శిఖరం మీదది. పిడుగు పడి పోయింది."

ఇన్నాళ్లూ ఆ మాట ఎందుకు చెప్పలేదని మరిది గద్దించాడు. ఎవరూ అడగలేదన్నాడు డేగ. ముప్పై ఎనిమిదేళ్ల కిందట పిడుగు పడి తూర్పు టవరు కాలిపోయింది. ఎత్తు శిఖరం మీద మళ్లీ కడితే మళ్లీ పిడుగు పడుతుందని పడమటిదాని మీద కట్టారు. అయితే కొత్త టవరుకి పైనుంచి అనుమతి రాలేదు, రిపేరుకి వచ్చింది. అందుకని ఫైల్లో "టవరు మరమ్మతు" అని రాసి, ఆరు వందల మీటర్ల అవతల మరమ్మతు చేశారు. ఈ మాటలు చెప్పేటప్పుడు డేగ మొహంలో వెటకారమేమీ లేదు. ప్రభుత్వ ఆఫీసుల్లో పనులు ఇలాగే జరుగుతాయని అతనికి తెలుసు.

నిన్న నేను రేంజి ఆఫీసు నుంచి తెచ్చుకున్న మ్యాపు నకలు మంచం మీద పరిచాను. టవరు అని అచ్చువేసిన చిన్న త్రిభుజం తూర్పు శిఖరం మీద ఉంది. మరమ్మతు చేసిన టవరు చోటు మారదు కదా, మ్యాపు ఎవరూ మార్చలేదు. ఆఫీసువాళ్లు కొండ ఎక్కరు, వాచ్‌మన్లు ఆఫీసు గోడ చూడరు. మ్యాపులో ఆ తేడా చిటికెన వేలి గోరంత. ముప్పై ఎనిమిదేళ్లుగా గుమస్తా లేని టవరు నుంచి దారం లాగుతున్నాడు. ఉన్న టవరు నుంచి మామయ్యా, మేనల్లుడూ రెండు వేళ్లు కలిపి ఆ తప్పుని సరిచేస్తున్నారు.

"మరి సరిచేస్తే మాకు మాస్టారు దొరకాలి కదా?" అన్నాడు మరిది. అది మంచి ప్రశ్న. అలాంటిది అతను అడగడం మొదటిసారి.

అతని చూపుడువేలు అతని ముక్కు ముందే పెట్టించాను. ఒక కన్ను మూసి చూడమన్నాను, తర్వాత రెండో కన్ను మూసి చూడమన్నాను. వేలు అటూ ఇటూ గెంతింది. ఇప్పుడు మైదానం చివర ఉన్న చెట్టుని అలాగే చూడమన్నాను. చెట్టు కదిలీ కదలనట్టు ఉంది. రెండు కళ్లూ రెండు టవర్లు. దూరపు పొగకి తేడా రెండు వేళ్లే. దగ్గరి పొగకి రెండు వేళ్లు ఏ మూలకీ చాలవు. సోమవారం పొగ పక్కన పుస్తకంలో డేగ ఏం రాశాడో చదివాను: "దగ్గర. మొదటి గట్టు వెనక." పందొమ్మిదేళ్లలో అంత దగ్గర్లో పొగ కనబడటం అదే మొదటిసారని డేగ చెప్పాడు. అలవాటుకొద్దీ రెండు వేళ్లు కలిపేశాడు.

"నేనే తప్పు దారి చెప్పానా అమ్మా?" అన్నాడు. స్కేలు తీసుకుని, ఉన్న టవరు దగ్గర నుంచి, అతను కళ్లతో చూసిన నూట యాభై రెండు మీదుగా గీత గీశాను. గీత నిన్న జనం వెతికిన లోయకి అర కిలోమీటరు పడమరగా, మొదటి గట్టు దాటి, క్వారీ వెనక ఉన్న ఇరుకు లోయలోకి పోయింది. పాత రికార్డులో టవరు నుంచి కిలోమీటరు లోపల రాయి కొట్టకూడదని ఉన్నట్టు మాస్టారి నోటుపుస్తకంలో చదివాను. ఈ టవరు నుంచి కొలిస్తే క్వారీ ఆ కిలోమీటరు హద్దుకి కాస్త బయట ఉంది. పాత టవరు నుంచి కొలిస్తే లోపల ఉంది. మాస్టారు వెతికిన హద్దురాయి ఆ లోయలోనే ఉండాలి.

నేను బద్దని నూట యాభై రెండు మీదికి తిప్పి, దూరపు అద్దాలు తీసుకుని చూశాను. గట్టు మీద తుప్పలు, దాని వెనక లోయ మొదలు, లోయ నెత్తిన క్వారీవాళ్లు రాయి కొట్టే మెట్టు. మనుషులు వరసగా మెట్టు దిగి దూరంగా వెళ్తున్నారు. ఇద్దరి చేతుల్లో ఎర్ర జెండాలు.

డేగకి అద్దాలు ఇచ్చాను. బేడీల చేతులతో పట్టుకుని చూశాడు.

"పేలుస్తున్నారమ్మా" అన్నాడు. "మామూలుగా సాయంత్రం నాలుగింటికి. ఇవాళ ముందే పెట్టారు. పేలిన రాయంతా ఆ లోయలోకే పడుతుంది."

మరిది జేబులోంచి సెల్లు తీసి క్వారీ మేనేజరుకి చేశాడు. స్విచ్చాఫ్. క్వారీ ఆఫీసుకి చేశాడు, అదీ అంతే. మందు కూరి వైర్లు కలిపాక క్వారీలో సెల్లులు, వైర్‌లెస్సులు అన్నీ ఆపేస్తారని డేగ చెప్పాడు. ఆ తరంగాలకి మందు దానంతటదే అంటుకుంటుందని భయం. జెండాలు బయల్దేరాయంటే ఇంకో పావుగంట. అప్పుడు టైము పదకొండూ పన్నెండు నిమిషాలు.

మరిది మ్యాపు వైపే చూస్తున్నాడు. పోలీసులు వెతుకుతున్నారని నిన్నంతా పేలుడు ఆపించింది అతనే. మళ్లీ మొదలుపెట్టాలంటే ఆ చుట్టుపక్కల మనిషి లేడని పోలీసు కాయితం కావాలి. మేనేజరు పొద్దున ఎనిమిదింటికి స్టేషనుకి వచ్చాడట. వెతుకులాటకి మనుషుల్ని ఇచ్చిన పెద్దమనిషి అడిగితే కాదనేదేముంది?

"వదినా, ఆ కాయితం మీద సంతకం నాది" అన్నాడు.

గారు లేకుండా నన్ను వదినా అనడం పద్నాలుగేళ్లలో అదే మొదలు.

అదే సమయంలో డేగ అద్దాలు దించకుండానే "పొగ" అన్నాడు. నాకు కళ్లతోనే కనబడింది. గట్టు వెనక నుంచి సన్నగా, తెల్లగా, తెగుతూ తెగుతూ లేస్తోంది. పచ్చి ఆకులు వేసి కాలుస్తున్న పొగ. మాస్టారు బతికే ఉన్నారు. నిన్నంతా కూడా ఆయన ఇలాగే పొగ పెట్టి ఉంటారు. నిన్న ఈ గదికి సీలు వేసి ఉంది, చూడాల్సినవాడు లాకప్పులో ఉన్నాడు. జెండాలు పట్టుకున్నవాళ్లకి మధ్యలో క్వారీ గోడ అడ్డం, వాళ్లకి ఆ పొగ కనబడదు.

జీపు రోడ్డు చుట్టు తిరిగి పోతుంది, నలభై నిమిషాలు. గట్టు మీదుగా అడ్డంగా దిగితే పన్నెండు నిమిషాలన్నాడు డేగ. అలా దిగడం అతనికి తప్ప ఇక్కడ ఎవరికీ రాదు. డేగ బేడీల చేతులు మరిది ముందుకి చాచాడు.

"సార్, తియ్యండి."

హత్య కేసు ముద్దాయి, కోర్టుకి నాలుగు గంటల ముందు, కాపలా లేకుండా అడవిలోకి. పారిపోతే మరిది ఉద్యోగం అక్కడితో సరి. అతని చెయ్యి జేబులోకి పోయింది, తాళంచెవి దొరకలేదు. ఇంకో జేబు వెతికాడు. అన్ని జేబులూ వెతికి మొదటి జేబులోనే దొరికించుకున్నాడు. తాళం తీసేటప్పుడు బేడీలు నేను పట్టుకోవాల్సి వచ్చింది.

డేగ మెట్లు దిగాడో దూకాడో తెలియదు. తుప్పల్లో అతని ఖాకీ చొక్కా కనబడుతూ మాయమవుతూ పోయింది. పదకొండూ ఇరవై నాలుగుకి గట్టు మీద ఆగాడు. అక్కడ దారి రెండుగా చీలుతుంది. కుడి చేతిది పొగ ఉన్న లోయలోకి. ఎడమది క్వారీ మీదుగా పెద్ద రోడ్డుకి, బస్సులు ఆగే చోటికి. డేగ ఎడమ దారి పట్టాడు.

మరిది గోడకి ఆనుకుని అలాగే కిందికి జారి కూర్చున్నాడు. నేను అద్దాలు దించలేదు. నాకు ఏడుపొచ్చేంత కోపం వచ్చింది, డేగ మీదో నా మీదో తెలియలేదు. ఖాకీ చొక్కా క్వారీ వైపు పోయి, రాళ్ల గుట్ట వెనక మాయమైంది. మళ్లీ కనబడేసరికి అతను రోడ్డు మీద లేడు. మెట్టు మీద ఉన్నాడు. కన్నాలు తొలిచి, మందు కూరి, వైర్లు కలిపి వదిలిన రాతి మెట్టు మీదికి ఎక్కి, సరిగ్గా నట్టనడుమ నిలబడ్డాడు. జెండాల వాళ్ల దగ్గరికి చేరే టైము లేదు, మాస్టారిని మోసుకుని పైకి తెచ్చే టైమూ లేదు. తను కనబడితే ఆపుతారని నిలబడ్డాడు. చొక్కా విప్పి తలపైన ఊపుతున్నాడు.

"వాళ్లు చూస్తారా?" అని మరిది కింద నుంచే అడిగాడు. జెండాలు రెండూ రోడ్డు వైపు తిరిగి ఉన్నాయి. మీట నొక్కేవాడు ఎక్కడున్నాడో నాకు కనబడలేదు.

అప్పుడు సైరన్ మోగింది. మూడు మోగితే నొక్కుతారని కానిస్టేబుల్ చెప్పాడు. రెండోదీ మోగి ఆగింది. డేగ అక్కడి నుంచి కదల్లేదు.